గోడ మీద ఎన్ని రాజ్యాలు గీయించాలి?

పేరు ప్రచురించవద్దని కోరిన ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలి ఉత్తరం ఇది. చాలా పెద్దది కనుక సారాంశం మాత్రం ఇస్తున్నాను. ఆమె 22 ఏళ్లుగా ఉన్నత పాఠశాల తరగతులకు పాఠాలు చెబుతున్నారు. మొనీరా (బాక్టీరియా లాంటివి), ప్రొటిస్టా (ఎక్కువగా ఏకకణ జీవులు), ఫంజై (శిలీంధ్రాలు), ప్లాంటే (మొక్కలు), ఏనిమేలియా (జంతువులు) అనే ఐదు రాజ్యాలను ఏటా అదే వరుసలో, దాదాపు అవే మాటల్లో బోధించారు. ఈ మధ్య తరగతి పరీక్షలో "కెల్ప్ ఏ రాజ్యానికి చెందుతుంది? కారణం రాయండి" అని ఒక ప్రశ్న ఇచ్చారు. కెల్ప్ అంటే సముద్రంలో పెరిగే పెద్ద గోధుమ శైవలం. పుస్తకం ప్రకారం సమాధానం ప్లాంటే. ఒక విద్యార్థిని మాత్రం "కెల్ప్ కిరణజన్య సంయోగక్రియ జరుపుకున్నా మొక్క కాదు, దానికి డయాటమ్‌లు దగ్గరి బంధువులు" అని రాసింది. (డయాటమ్‌లంటే నీటిలో బతికే సూక్ష్మ ఏకకణ శైవలాలు.) ఉపాధ్యాయురాలు సున్నా వేశారు. ఆ అమ్మాయి వచ్చి అడిగితే, తరగతి అంతా వింటుండగా "పుస్తకంలో ఉన్నదే రాయాలి" అన్నారు. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి తరగతిలో చేయి ఎత్తడం మానేసింది.

ఆ రాత్రి ఆమె ఇంట్లో ఉన్న మూడు పుస్తకాలు తెరిచి చూశారు. రెండు పుస్తకాలు ఐదు రాజ్యాల పద్ధతినే అనుసరిస్తున్నామని చెప్పుకున్నా, ఒకటి కెల్ప్‌ను ప్లాంటేలో, మరొకటి ప్రొటిస్టాలో చేర్చాయి. మూడోది క్రోమిస్టా అనే రాజ్యాన్ని పేర్కొంది. ఆమె ఆ పేరు వినడం అదే మొదటిసారి. ఇంతలో పాఠశాల ప్రయోగశాల గోడకు కొత్తగా రంగులు వేయిస్తూ, జీవుల వర్గీకరణ చిత్రం గీయించే బాధ్యతను ఆమెకే అప్పగించారు. ఐదు రాజ్యాలే ఉంచమని ఒక సహోద్యోగి, రాజ్యాలకన్నా పెద్ద విభాగాలైన మూడు డొమైన్లు వేయించమని మరొకరు పట్టుబడుతున్నారు. "నేను ఇన్నాళ్లూ తప్పు చెప్పానా? గోడ మీద ఏది గీయిస్తే పదేళ్లు నిలుస్తుంది? ఆ పిల్ల ముఖం ఎలా చూడాలి?" అన్నవి ఆమె ప్రశ్నలు. చివర ఒకే ఒక్క వాక్యంలో వైరస్‌లను ఎక్కడ పెట్టాలో కూడా అడిగారు.

గౌరవనీయురాలైన ఉపాధ్యాయురాలికి,

మీరు తప్పు చెప్పలేదు. చెప్పవలసిన ఒక మాటను వదిలేశారు. "విట్టేకర్ వర్గీకరణ ప్రకారం" అన్నదే ఆ మాట. పాఠ్యపుస్తకాలు కూడా మొదటి పేజీలో ఒకసారి ఆయన పేరు చెప్పి ఆ తరువాత మరచిపోతాయి కనుక ఈ లోపం మీ ఒక్కరిది కాదు. కానీ ఆ మాట జారిపోయిన క్షణం నుంచి, ఒక శాస్త్రవేత్త ఒక సంవత్సరంలో కొన్ని ప్రమాణాలతో చేసిన పంపకం ప్రకృతిలో ముందే గీసి ఉన్న సరిహద్దులా కనిపించడం మొదలవుతుంది. మీ తరగతిలో జరిగిన ఘర్షణ మొత్తం అక్కడే పుట్టింది.

ముందు మీ రెండు పుస్తకాల సంగతి చూద్దాం, ఎందుకంటే మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టింది అదేనని తోస్తోంది. ఆర్.హెచ్. విట్టేకర్ 1969లో ఐదు రాజ్యాలను ప్రతిపాదించినప్పుడు ప్రధానంగా చూసినవి మూడు: కణంలో నిజమైన కేంద్రకం ఉన్నదా, శరీరం ఒకే కణమా లేక అనేక కణాల నిర్మాణమా, ఆహారాన్ని తయారు చేసుకుంటుందా, పీల్చుకుంటుందా, మింగుతుందా. ఈ కొలతలతో చూస్తే బహుకణ నిర్మాణంతో, పత్రహరితంతో ఉండే గోధుమ శైవలాలు మొక్కల్లోకి వెళ్లక తప్పదు. ఆయన వాటిని అక్కడే ఉంచారు. తరువాత లిన్ మార్గులిస్ అదే ఐదు రాజ్యాల చట్రాన్ని తీసుకుని మొక్క అనే మాటను బిగించారు. పిండం నుంచి పెరిగే నేల మొక్కలనే మొక్కలుగా లెక్కించి, శైవలాలన్నిటినీ ప్రొటిస్టుల వైపు పంపారు. అంటే మీ పుస్తకాలు రెండూ నిజాయితీగానే ఉన్నాయి. రెండూ ఐదు అనే అంకెనే చెబుతున్నాయి, హద్దురాళ్లను మాత్రం వేర్వేరు చోట్ల పాతాయి. మీ విద్యార్థిని రాసిన సమాధానం వీటిలో ఒక పుస్తకానికి విరుద్ధం, రెండో పుస్తకానికి దాదాపు అనుకూలం అన్న సంగతిని మనసులో ఉంచుకోండి. ఆమె గురించి రాసేటప్పుడు మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక్కడ విడదీసి చూడవలసిన విషయాలు రెండున్నాయి. ఒకటి చుట్టరికం, రెండోది పంపకం. ఒక వంశంలో ఎవరు ఎవరికి పుట్టారన్నది ఎవరి ఇష్టాయిష్టాల మీదా ఆధారపడదు. మనకు తెలిసినా తెలియకపోయినా అది జరిగిపోయిన సంగతి. కానీ ఎన్నో తరం దాకా దగ్గరి చుట్టం అనాలి, ఎక్కడి నుంచి వేరే ఇల్లుగా లెక్కపెట్టాలి అన్నది మనుషులు కూర్చుని తేల్చుకునే వ్యవహారం. జీవుల విషయంలోనూ ఇంతే. కెల్ప్ ఏ జీవులతో ఉమ్మడి పూర్వీకుణ్ణి పంచుకుంటుందన్నది వెతికి కనుక్కోవలసిన నిజం. ఆ శాఖకు రాజ్యమనే హోదా ఇవ్వాలా వద్దా అన్నది ఒప్పందం. శాస్త్రవేత్తలు చుట్టరికం గురించి వాదించుకున్నప్పుడు సాక్ష్యాలు వాళ్ల వాదాన్ని తేలుస్తాయి. హోదా గురించి వాదించుకున్నప్పుడు తేల్చడానికి సాక్ష్యం సరిపోదు, అందుకే రాజ్యాల సంఖ్య ఎప్పటికప్పుడు మారుతూ వస్తోంది.

అసలు రాజ్యం అనే మాట వయసు గుర్తు చేసుకుంటే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. కార్ల్ లిన్నేయస్ 1735లో ప్రకృతిని పంచినప్పుడు రాజ్యాలు మూడు: జంతువులు, మొక్కలు, రాళ్లు. రాళ్లకు కూడా ఒక రాజ్యం దక్కిన కాలపు పదాన్ని మనం ఈనాటి జన్యు పరిశోధన ఫలితాలకు తొడుగుతున్నాం. సూక్ష్మదర్శినిలో కనిపించిన, ఎటూ తేలని కొన్ని జీవులను ఆయన పురుగులున్న విభాగంలో 'కేయాస్', అంటే గందరగోళం అనే ప్రజాతి పేరు కింద చేర్చారు. ఆ నిజాయితీ నాకు ఇష్టం. 1866లో ఎర్నెస్ట్ హెకెల్ మొక్కలకూ జంతువులకూ మధ్య ప్రొటిస్టా అనే మూడో జీవరాజ్యాన్ని నిలబెట్టి, మొదట్లో స్పంజికలను కూడా అందులోనే వేశారు. 1938లో హెర్బర్ట్ కోప్‌లాండ్ బాక్టీరియాను విడదీసి నాలుగు రాజ్యాలు చేశారు. విట్టేకర్ శిలీంధ్రాలకు సొంత రాజ్యం ఇచ్చి ఐదు చేశారు. ఇవన్నీ ప్రధానంగా రూపం, కణ నిర్మాణం, పోషణ విధానం చూసి చేసిన పంపకాలు.

1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోసోమ్‌లోని ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూడడంతో కొలబద్ద మారింది. ప్రతి కణానికీ ప్రోటీన్లు తయారు చేసుకోవడానికి రైబోసోమ్ కావాలి కనుక, ఆ ఒక్క అణువును పట్టుకుని ఏ రెండు జీవుల మధ్యనైనా దూరం కొలవవచ్చు. అలా కొలిస్తే, మీథేన్‌ను తయారు చేసే కొన్ని సూక్ష్మజీవులు చూపుకు బాక్టీరియాలా ఉన్నా బాక్టీరియాకు ఎంతో దూరంలో తేలాయి. వాటి కణత్వచంలోని కొవ్వుల రసాయన బంధాలు వేరు, బాక్టీరియా కణకవచంలో ఉండే పెప్టిడోగ్లైకాన్ వాటిలో ఉండదు. విట్టేకర్ మొనీరా అని ఒకే గదిలో ఉంచినవి రెండు వేర్వేరు మహావంశాలని అప్పుడు అర్థమయింది. 1990లో వోస్, ఒట్టో కాండ్లర్, మార్క్ వీలిస్ కలిసి రాజ్యాల పైన డొమైన్ అనే అంతస్తు కట్టి బాక్టీరియా, ఆర్కియా (ఆ మీథేన్ జీవులున్న వంశం), యూకేరియా (కణంలో నిజమైన కేంద్రకం ఉన్న జీవులు) అని మూడుగా పంచారు. మీ రెండో సహోద్యోగి అంటున్నది దీన్నే.

ఇప్పుడు కెల్ప్. దానిది 40 మీటర్లు దాటి కూడా పెరగగల శరీరం, ఆకుల్లాంటి పలకలు, వేళ్లలా రాయిని పట్టుకునే పట్టు. ఎవరు చూసినా మొక్క అనే అంటారు. కానీ లోపల సంగతి వేరు. నేల మొక్కల్లో పత్రహరితం 'ఎ', 'బి' రకాలు ఉంటే, కెల్ప్‌లో 'ఎ', 'సి' రకాలు ఉంటాయి. గోధుమ రంగునిచ్చే ఫ్యూకోజాంథిన్ అదనం. మొక్క ఆహారాన్ని పిండిపదార్థంగా దాచుకుంటే, కెల్ప్ లామినారిన్ అనే వేరే పదార్థంగా దాచుకుంటుంది. అన్నిటికన్నా విశేషమైనది హరితరేణువు చరిత్ర. మొక్కల పూర్వీకుడు కిరణజన్య సంయోగక్రియ జరిపే సయనోబాక్టీరియాను మింగి లోపల నిలుపుకుంటే అది హరితరేణువయింది. కెల్ప్ వంశానికి ఆ సంపద నేరుగా రాలేదు. అప్పటికే హరితరేణువున్న ఎర్ర శైవలం ఒకటి మరో నిజకేంద్రక కణంలో చేరడం వల్ల దక్కింది. అందుకే దాని హరితరేణువు చుట్టూ రెండు పొరలకు బదులు నాలుగు పొరలుంటాయి. పునరుత్పత్తి కణాలకు రెండు అసమాన కశాభాలు (ఈదడానికి పనికొచ్చే తోకలు), వాటిలో ఒకదానికి సన్నని రోమాలు ఉండడం దాని వంశపు ముద్ర. అదే వంశంలో డయాటమ్‌లు ఉన్నాయి, బంగాళాదుంప పంటను నాశనం చేసే ఫైటాఫ్తోరా కూడా ఉన్నది. మీ విద్యార్థిని రాసింది చుట్టరికం. అది నిజం. మీ జవాబు పత్రం అడిగింది 1969 నాటి పంపకం. అదీ నిజమే. ఏది అడుగుతున్నదో ప్రశ్న మాత్రం చెప్పలేదు.

ఈ తేడా పండితుల కాలక్షేపం అనుకునేవారికి ఫైటాఫ్తోరాయే జవాబు. దాన్ని చాలాకాలం శిలీంధ్రంగానే లెక్కపెట్టారు, పోగులు పోగులుగా పెరిగే దాని తీరు అలాంటిది. కానీ శిలీంధ్రాల కణకవచంలో కైటిన్ ముఖ్యమైతే, దీని కణకవచంలో సెల్యులోజ్ ముఖ్యం; శిలీంధ్రాలు తయారు చేసుకునే ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థాన్ని ఇది తయారు చేసుకోదు. కాబట్టి ఎర్గోస్టెరాల్ తయారీని దెబ్బతీసి శిలీంధ్రాలను చంపే మందులు దీని మీద పనిచేయవు. మలేరియా కలిగించే ప్లాస్మోడియం కథ ఇంకా వింతగా ఉంటుంది. వెలుతురుతో పనిలేని ఆ పరాన్నజీవి కణంలో, ఎర్ర శైవలం నుంచి సంక్రమించిన హరితరేణువు అవశేషం ఇప్పటికీ ఉన్నది. డాక్సీసైక్లిన్ లాంటి మందు దాన్ని దెబ్బతీయగలుగుతున్నది ఆ అవశేషం ద్వారానే. చుట్టరికం తెలిస్తే చికిత్సకు దారి దొరుకుతుంది, రాజ్యం పేరు తెలిసినంత మాత్రాన దొరకదు.

ఇక గోడ. ఐదు రాజ్యాలనే గీయిస్తే పిల్లలకు పుస్తకానికీ గోడకూ పొంతన కుదురుతుంది, పరీక్షకు సాయపడుతుంది, మీ మొదటి సహోద్యోగి సంతోషిస్తారు. కానీ మొనీరా అనే ఒకే డబ్బా బాక్టీరియాకూ ఆర్కియాకూ మధ్య ఉన్న అగాధాన్ని కప్పేస్తుంది, ప్రొటిస్టా అనేది మిగతా రాజ్యాల్లో ఇమడని వాటిని పోగేసిన సంచి అన్న సంగతి దాగిపోతుంది. సాధారణంగా ఇలాంటి చిత్రాల్లో శిలీంధ్రాలను మొక్కల పక్కన గీస్తారు. నిజానికి అవి జంతువులకు దగ్గరి చుట్టాలు. కైట్రిడ్ అనే శిలీంధ్రపు సిద్ధబీజం వెనుక ఒకే తోకతో ఈదే తీరు మన శుక్రకణాన్ని గుర్తు చేస్తుంది, ఆ పోలిక ఉమ్మడి పూర్వీకుడి నుంచి వచ్చినదే. ఈ మార్గం ఎంచుకుంటే, చిత్రం తలమీద "విట్టేకర్, 1969" అని రాజ్యాల పేర్లంత పెద్ద అక్షరాలతో రాయించండి.

మూడు డొమైన్లు గీయిస్తే జీవ ప్రపంచపు అసలు లోతు కనిపిస్తుంది. దాని నష్టం ఏమిటంటే, పిల్లలు కళ్లతో చూడగలిగే చెట్టు, పుట్టగొడుగు, పక్షి అన్నీ ఒక కొమ్మ చివర మూలకు చేరతాయి, మిగిలిన గోడంతా వాళ్లు ఎన్నడూ చూడని పేర్లతో నిండుతుంది. పైగా ఇది పదేళ్లు కదలకుండా ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. 2015లో సముద్రగర్భపు మట్టిలో దొరికిన డీఎన్‌ఏ నుంచి లోకిఆర్కియా అనే సమూహాన్ని గుర్తించారు. దాని బంధువులు మరికొన్ని బయటపడిన తరువాత, నిజకేంద్రక జీవులు ఆర్కియాకు తోబుట్టువులు కావు, ఆర్కియా లోపలి నుంచే పుట్టిన శాఖ అనే అభిప్రాయం బలపడింది. అదే నిలిస్తే డొమైన్లు మూడు కాదు, రెండు.

ఏడు రాజ్యాల పద్ధతి కూడా ఒకటున్నది. 2015లో కొందరు శాస్త్రవేత్తలు జీవుల జాబితాలకు వాడుకగా ఉండేలా బాక్టీరియా, ఆర్కియా, ప్రోటోజోవా, క్రోమిస్టా, మొక్కలు, శిలీంధ్రాలు, జంతువులు అని ప్రతిపాదించారు. మీ మూడో పుస్తకంలోని క్రోమిస్టా ఈ సంప్రదాయానిదే. ఆ రాజ్యాన్ని 1981లో థామస్ కావలియర్-స్మిత్ ప్రతిపాదించారు. అయితే ప్రోటోజోవా ఒకే పూర్వీకుడి సంతానం మొత్తాన్ని కలిపిన సమూహం కాదని తెలిసే, సౌలభ్యం కోసం ఆ రాజ్యాన్ని వాళ్లు ఉంచుకున్నారు. క్రోమిస్టా ఒకే వంశమా అన్న దాని మీదా అనుమానాలున్నాయి. గ్రంథాలయంలో పుస్తకాలు సర్దుకోవడానికి ఇలాంటి పద్ధతి చక్కగా పనికొస్తుంది. పిల్లల గోడకు ఇది సరిపోతుందని నాకు అనిపించడం లేదు.

రాజ్యాల ఊసే లేకుండా వంశవృక్షం ఒక్కటే గీయించడం మరో దారి. నిజకేంద్రక జీవుల మీద పనిచేసే ప్రొటిస్టు నిపుణులు 2005 నుంచి ప్రచురిస్తున్న వర్గీకరణల్లో రాజ్యం లాంటి హోదాల జోలికి పోకుండా శాఖలకు పేర్లు మాత్రమే ఇస్తున్నారు. ఇది నిక్కచ్చి అయిన దారే కానీ ఏటా కొత్త తరగతికి మీరు నిలబడి వివరించాలి. మీరు బదిలీ అయిన మరుసటి ఏడాది ఆ గోడ అర్థం కాని కొమ్మల బొమ్మ అవుతుంది. పరీక్ష దగ్గరపడిన పిల్లవాడు దాని ముందు నిలబడి "ఇంతకీ ఎన్ని రాజ్యాలు?" అని అడిగితే గోడ జవాబివ్వదు.

నా మొగ్గు చెప్పమంటే చెబుతాను, మీ పాఠశాల పరిస్థితి మీకే తెలుసు కనుక తేల్చుకోవలసింది మీరే. కొమ్మలను చెరగని రంగుతో వేయించి, రాజ్యాల హద్దులను మాత్రం సుద్దముక్కతో గీయడానికి వీలుగా వదిలేయండి. ఆర్కియాకూ మనకూ మధ్య ఉన్న కొమ్మ అతుకు లాంటి, ఇంకా వాదనలో ఉన్న చోట్ల చుక్కల గీత వేయించండి. ఐదు రాజ్యాల పాఠం వచ్చిన రోజు పిల్లలే వచ్చి విట్టేకర్ హద్దులు గీస్తారు, మర్నాడు చెరిపి మార్గులిస్ హద్దులు గీస్తారు. కెల్ప్ ఉన్న చోటు కదలదు, దాని చుట్టూ గీసిన వలయం కదులుతుంది. ఈ పద్ధతిలో ఉన్న చిక్కు కూడా చెప్పాలి: సుద్ద గీతలున్న గోడ తనిఖీకి వచ్చినవారికి అసంపూర్ణంగా కనిపించవచ్చు, మీ ప్రధానోపాధ్యాయులకు ముందుగానే కారణం చెప్పుకోవలసి వస్తుంది.

ఆ అమ్మాయి విషయానికి వస్తాను. మార్కు నిశ్శబ్దంగా సరిచేసి పత్రం తిరిగి ఇచ్చేయడం ఒక పద్ధతి. మీకు ఇబ్బంది తక్కువ. కానీ మీరు అన్న మాట అందరి ముందు అన్నారు. దిద్దుబాటు రహస్యంగా జరిగితే, తరగతి దృష్టిలో ఆ అమ్మాయి ఇంకా తప్పు రాసిన పిల్లే. అందరి ముందూ క్షమాపణ చెప్పడం రెండో పద్ధతి. కొందరు పిల్లలకు అది ఊరట, కొందరికి అందరి కళ్లూ మళ్లీ తమ మీద పడడమే పెద్ద శిక్ష. ఆమె స్వభావం ఎలాంటిదో మీరు ఉత్తరంలో రాయలేదు కనుక దీన్ని నేను నిర్ణయించలేను. వ్యక్తిని వదిలి ప్రశ్నను మళ్లీ తరగతి ముందు పెట్టడం మూడో పద్ధతి. మీ రెండు పుస్తకాలనూ తీసుకెళ్లి, ఆ రెండు పేజీలనూ పిల్లల చేతే చదివించి, "నేనిచ్చిన ప్రశ్నలో ఎవరి వర్గీకరణ అన్నది లేదు, అది నా పొరపాటు, కారణం సరిగా రాసినవారికి మార్కు ఇస్తున్నాను" అనండి. ఆమె పేరు ఎత్తనవసరం లేదు, తరగతికి తెలుస్తుంది. అయితే ప్లాంటే అని రాసి, మీరు అడిగిన కారణం సరిగా ఇచ్చిన పిల్లల మార్కులు తీసేయకండి; వాళ్లు మీరు చెప్పిందే నమ్మి రాశారు.

ఏ పద్ధతిలో సరిదిద్దినా, బయటి పరీక్షలో పత్రాలు దిద్దేవారు మీరు కాదన్న సంగతి ఆమెకు దాపరికం లేకుండా చెప్పాలి. అక్కడ "విట్టేకర్ వర్గీకరణ ప్రకారం ప్లాంటే, వంశ సంబంధాల ప్రకారం ఇది డయాటమ్‌లకు దగ్గర" అని రెండు ముక్కలూ రాస్తే మార్కు పోయే అవకాశం తగ్గుతుంది, తనకు తెలిసిన నిజాన్ని మింగేయవలసిన అవసరమూ రాదు. "పుస్తకంలో ఉన్నదే రాయాలి" అన్న మీ మాటలో ఉన్న మంచి సలహా ఇంతవరకే. దాన్ని ఇలా విప్పి చెప్పి ఉంటే ఆమె చిన్నబుచ్చుకునేది కాదేమో. ఆమె వెంటనే చేయి ఎత్తకపోతే తొందరపడకండి. సుద్దముక్క అందుకునే మొదటి వరుసలో ఆమెను నిలబెట్టాలన్న కోరిక మీకు కలగవచ్చు, అది కూడా ఆమె ఇష్టానికే వదిలేయండి.

చివరగా వైరస్‌లు. వాటికి సొంత కణం లేదు, సొంత రైబోసోమ్ లేదు. కాబట్టి రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ ఆధారంగా గీసిన వంశవృక్షంలో వాటిని కొలిచే కొలబద్దే లేదు. పైగా అవన్నీ ఒకే మూలం నుంచి రాలేదు. వైరస్‌ల వర్గీకరణ చూసే అంతర్జాతీయ సంఘం వాటికి విడిగా రెల్మ్‌లు (అన్నిటికన్నా పై అంతస్తు), రాజ్యాలతో సహా వేరే అంతస్తులు ఏర్పరచింది, వాటికీ మీ గోడ మీది రాజ్యాలకూ సంబంధం లేదు. కనుక వాటిని ఏ కొమ్మకూ అంటించవద్దు. చెట్టు పక్కన, కుడివైపు కింది భాగంలో, విడిగా ఒక మూర పొడవు స్థలం అట్టిపెట్టమని చిత్రకారుడికి ముందే చెప్పండి, లేకపోతే ఆయన అక్కడ గడ్డి గీసేస్తారు.